ముహూర్తాలు లేని 44 రోజులు: కారులో, కెమెరాతో, తెలుగు పల్లెల వెంట

ఓరుగల్లు_కెమెరా
9 ఫిబ్రవరి 2025

సభ్యులందరికీ నమస్కారం. పదమూడేళ్ళుగా పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ణి. మా వృత్తిలో పని ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో పంచాంగమే చెబుతుంది. ధనుర్మాసం పట్టిన నాటి నుంచి పుష్యమాసం వెళ్ళేదాకా మాకు ముహూర్తాలు ఉండవు. ప్రతి ఏడాదీ ఆ నెలన్నర ఆల్బమ్ పనులతో గడిపేసేవాణ్ణి. ఈసారి మాత్రం డిసెంబరు 16న కారు వెనుక సీటు మడిచి, పరుపు వేసుకుని, వరంగల్లు నుంచి బయలుదేరి, పుష్య అమావాస్య నాటికి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతరకు చేరుకున్నాను. మొత్తం 44 రోజులు, 4,600 కిలోమీటర్లు తిరిగాను.

దారి ఇలా సాగింది. హైదరాబాదు, కర్నూలు మీదుగా గండికోట, అక్కడి నుంచి లేపాక్షి, తరువాత తూర్పుకు తిరిగి సూళ్ళూరుపేట, పులికాట్. ఆపైన తీరం వెంబడి ఉత్తరంగా చీరాల, కొల్లేరు, సంక్రాంతికి కోనసీమ, ఉప్పాడ, పాడేరు కొండలు, తెలినీలాపురం, చివరకు ఇచ్ఛాపురం. తిరుగు ప్రయాణం భద్రాచలం, జన్నారం మీదుగా జరిగింది. నేను తీయాలనుకున్నది ఒక్కటే విషయం: ధనుర్మాసపు ఉదయాలు. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, గంగిరెద్దులు, పొగమంచులో పొలానికి వెళ్ళే మనిషి, గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుండగా పాలు పితికే ఇల్లాలు. కోటలూ గుహలూ అందరూ తీస్తున్నారు. తెల్లవారుజామున 5 గంటల నుంచి 7 గంటల దాకా ఒక ఊరు ఎలా నిద్ర లేస్తుందో ఊరూరా కూర్చుని చూసినవాళ్ళు తక్కువ.

ఖర్చు గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి దాచకుండా చెబుతాను. పెట్రోలుకు 29,500 రూపాయలు అయింది. 43 రాత్రులలో 18 రాత్రులు లాడ్జీలలో, 11 రాత్రులు కారులో, మిగిలినవి సత్రాలలోనూ తెలిసినవారి ఇళ్ళలోనూ గడిచాయి. లాడ్జీలకు 16,200, సత్రాలకు 2,500 ఇచ్చాను. భోజనం రోజుకు 300 దాటనివ్వలేదు. టోలు రుసుములు 4,100, ఒక టైరూ ఒక సర్వీసూ కలిపి 6,800, ప్రింట్లకు 4,700. అంతా కలిపితే 77,000. ఇప్పటివరకు వచ్చింది ఒక క్యాలెండరుకు ఇచ్చిన ఆరు ఫొటోలకు 24,000 మాత్రమే. ఈ జీవితం డబ్బు తెచ్చిపెడుతుందని చెప్పి ఎవరినీ ఉద్యోగం మాన్పించే ఉద్దేశం నాకు లేదు.

అందరూ ఊహించేదానికీ అసలు దినచర్యకూ చాలా తేడా ఉంది. ఉదయం రెండు గంటలు ఫొటోలు, తరువాత స్నానానికి చోటు వెతుక్కోవడం, టిఫిను, బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం నూట యాభై కిలోమీటర్ల ప్రయాణం, సాయంత్రం మర్నాటి ఊరు చూసి రావడం, రాత్రి కార్డులలోని ఫొటోలను రెండు డిస్కులలోకి ఎక్కించి బ్యాటరీలు ఛార్జింగు పెట్టుకోవడం. మొత్తం 19,000 ఫొటోలు తీశాను. రా ఫైళ్ళు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే పెద్ద ఫైళ్ళు) కాబట్టి అవి సుమారు 530 జీబీ అయ్యాయి. వాటిలో నిలబడేవి అరవై ఉంటాయేమో. చీరాల దగ్గర ఒక రాత్రి నిద్రమత్తులో, డిస్కులోకి ఎక్కించని కార్డును ఫార్మాట్ చేశాను. ఒక ఉదయం మొత్తం పోయింది. ఆనాటి నుంచి, ఎక్కించిన కార్డుకు ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టనిదే దాన్ని కెమెరాలో పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

ఇటువంటి ప్రయాణాలు చేసినవారు, చేయబోయేవారు తమ అనుభవాలు ఇక్కడ చెబితే నాకూ ఉపయోగం. వచ్చే ధనుర్మాసానికి మళ్ళీ వెళ్ళాలని ఉంది.


కళింగాంధ్ర
9 ఫిబ్రవరి 2025

చాలా సంతోషం కలిగింది. మా శ్రీకాకుళం జిల్లాను దారిలో వచ్చే ఊళ్ళుగా కాకుండా ఒక మజిలీగా చూసినందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. రాష్ట్రం పడమటి వైపు నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్లు మా దగ్గర తరచూ పొరబడే విషయం ఒకటుంది. హిందూపురానికీ ఇచ్ఛాపురానికీ రేఖాంశంలో ఏడు డిగ్రీల పైచిలుకు తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అది అరగంటకు దగ్గరగా వస్తుంది. శీతాకాలంలో సూర్యాస్తమయం దగ్గర ఆ తేడా ఇంకా పెరుగుతుంది. లేపాక్షిలో సాయంత్రం ఆరింటిదాకా వెలుతురుకు అలవాటు పడి వచ్చినవారు మా సముద్రతీరంలో ఐదున్నరకే చీకటి పడటం చూసి తెల్లబోతారు. గడియారం ఒక్కటే అయినా సూర్యుడు ఒక్కచోట ఉండడు కదా.

తెలినీలాపురంలో మీకు గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు బాగా కనిపించాయా? ఊరివాళ్ళు మాట్లాడారా?


తుంగభద్ర
10 ఫిబ్రవరి 2025

ఓరుగల్లు గారూ, మీ శ్రమను గౌరవిస్తూనే ఒక ప్రశ్న అడుగుతున్నాను. దీన్ని నిందగా తీసుకోవద్దు. తెల్లవారుజామున ఐదింటికి ముగ్గు వేసేది ఆడవాళ్ళు. అప్పుడే లేచి, జుట్టు ముడి వేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వీధికి వీపు పెట్టి వంగి ముగ్గు వేస్తున్న మనిషి దగ్గరికి, ఇంకా వెలుతురు రాని వేళ, పరిచయం లేని మగమనిషి కెమెరాతో వస్తే ఆమెకు ఎలా ఉంటుంది? మీరు ఎలా అడిగారు, ఎప్పుడు అడిగారు అన్నది మీ టపాలో లేదు. నా దృష్టిలో పెట్రోలు లెక్క కంటే అది ముఖ్యం.

నేను మూడేళ్ళుగా రాయలసీమ జిల్లాలలో ఒంటరిగా కారులో తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాను. మీరు పదకొండు రాత్రులు కారులో పడుకున్నానని ఒక్క వాక్యంలో రాశారు. నాకు ఆ వీలు లేదు. సాయంత్రం ఐదింటికల్లా బస కుదరకపోతే, ఎంత మంచి వెలుతురు ఉన్నా కెమెరా మూసి దగ్గరి పట్టణానికి వెళ్ళిపోతాను. నా ఫొటోలలో సూర్యాస్తమయాలు తక్కువగా ఉండటానికి కారణం అదే. దానికి బదులు నాకు దొరికేది మరొకటి ఉంది. "ఒక్కదానివే వచ్చావా తల్లీ, ఎవరమ్మాయివి?" అని అడిగిన పెద్దామె ఐదు నిమిషాలలో నన్ను వంటింట్లో కూర్చోబెడుతుంది. ఆ వంటింటి కిటికీ దగ్గరి వెలుతురు ఏ మగ ఫొటోగ్రాఫరుకూ సులభంగా దొరకదు. దారి ఒక్కటే అయినా మన ప్రయాణాలు ఒక్కటి కావని కొత్తగా బయలుదేరే అమ్మాయిలు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.


ఓరుగల్లు_కెమెరా
11 ఫిబ్రవరి 2025

తుంగభద్ర గారూ, మీరు అడిగింది నేను మొదటే రాయవలసిన విషయం. రాయకపోవడం నా లోపం.

మొదటి వారంలో నేను తప్పు చేశాను. జమ్మలమడుగు దగ్గరి ఒక ఊళ్ళో చీకటితో వెళ్ళి, వీధి మొదట్లో కారు ఆపి, దూరం నుంచి పెద్ద లెన్సుతో ముగ్గు వేస్తున్న ఒకామెను తీశాను. ఆమె తల తిప్పి చూసి, ముగ్గు గిన్నె అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది. ముగ్గు సగంలో ఆగిపోయింది. ఇంట్లోంచి వచ్చిన ముసలాయన నన్ను తిట్టలేదు, "ఎవరి కోసం తీస్తున్నావు నాయనా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ఫొటోలు అక్కడే ఆయన ముందే చెరిపేశాను.

అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. ఏ ఊళ్ళో ఉదయం తీయాలనుకుంటే ఆ ఊరికి ముందురోజు సాయంత్రమే వెళ్ళి, రచ్చబండ దగ్గరో టీ కొట్టు దగ్గరో కూర్చుని, నేనెవరో, ఎందుకు వచ్చానో చెప్పేవాణ్ణి. సంచిలో ఉన్న చిన్న ప్రింటరుతో అక్కడి పెద్దలకు ఒకటి రెండు ఫొటోలు తీసి అక్కడే చేతిలో పెట్టేవాణ్ణి. ఆ కాగితం నా తరఫున మాట్లాడేది. చీకటి పడేలోగా "పొద్దున మా ఇంటికి రా, మా కోడలు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేస్తుంది" అని పిలుపు వచ్చేది. పిలుపు రాని ఊళ్ళో తీయలేదు. అలా తొమ్మిది ఊళ్ళు వదులుకున్నాను.

దీనివల్ల వేగం బాగా తగ్గింది. 44 రోజులకు నలభై ఊళ్ళు అనుకుని బయలుదేరినవాణ్ణి, నిజంగా ఉదయాలు తీయగలిగినది పందొమ్మిది ఊళ్ళలోనే. అయితే ఆ పందొమ్మిది ఊళ్ళలోని మనుషులు నా వైపు చూస్తున్న తీరు వేరుగా ఉంది.

కళింగాంధ్ర గారూ, తెలినీలాపురంలో పక్షులు పుష్కలంగా ఉన్నాయి. ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు, కింద పిల్లల ఆటలు, ఆ రెంటికీ ఒకదానితో ఒకటి అభ్యంతరం లేకపోవడం చూసి రెండు రోజులు అక్కడే ఉండిపోయాను.


సంత_ఫొటోల_అబ్బాయి
11 ఫిబ్రవరి 2025

"ఎవరి కోసం తీస్తున్నావు నాయనా" అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్నగారు 1970ల చివరి నుంచి ఇరవై ఏళ్ళ పాటు పల్నాడు ఊళ్ళలో సైకిలు మీద తిరిగి ఫొటోలు తీశారు. అప్పట్లో ఆయనను ఎవరూ ట్రావెల్ ఫొటోగ్రాఫర్ అనలేదు. "ఫొటోలాయన వచ్చాడు" అనేవాళ్ళు. సైకిలు వెనుక కట్టిన రేకు పెట్టెలో ఒక కెమెరా, నల్లగుడ్డ, చుట్టి పెట్టిన ఒక తెర ఉండేవి. తెర మీద కొలను, హంసలు, మెట్లున్న మేడ బొమ్మ గీయించారు. తిరునాళ్ళలో అయితే అట్టతో చేసిన చందమామ కూడా ఉండేది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు దాని మీద కూర్చుని తీయించుకునేవారు.

ఆ కెమెరాలో 120 రకం రీలు ఒకటి వేస్తే పన్నెండు ఫొటోలే వచ్చేవి. పన్నెండింటిలో ఒకటి చెడిపోతే ఆ రోజు లాభం పోయినట్టే. అందుకే మీట నొక్కేముందు ఆయన మనిషితో మాట్లాడేవారు, కూర్చోబెట్టేవారు, పైట సర్దుకోమనేవారు, కళ్ళు మూయవద్దని మూడుసార్లు చెప్పేవారు. సగం డబ్బు ముందు, మిగతా సగం ఫొటో చేతికిచ్చినప్పుడు. ఒక పొడవాటి పుస్తకంలో రీలు నంబరు, ఫొటో నంబరు, ఊరు, ఇంటిపేరు, ఇంటి గుర్తు రాసుకునేవారు: "వేపచెట్టు ఎదురిల్లు", "చెరువు గట్టు కింద రెండో గుడిసె". వచ్చే వారం సంత రోజున ప్రింట్లతో అదే ఊరు వెళ్ళేవారు. వెళ్ళకపోతే ఆ ఊళ్ళో మళ్ళీ ఆయనకు పని దొరకదు. వానలు పడి వాగు పొంగినా, ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరో ఒకరి చేత పంపించేవారు.

ఒకసారి నేను కూడా వెంట వెళ్ళాను. నాకు పదేళ్ళు ఉంటాయి. ఒక ఇంట్లో ముసలామె పోయి నాలుగు రోజులైంది. అంతకు ముందు సంతకు ఆమె ఫొటో తీశారట. మేము తీసుకెళ్ళినది ఆ ఇంట్లో ఆమెకున్న ఒకే ఒక్క ఫొటో. కొడుకు మిగతా సగం డబ్బు ఇవ్వబోతే నాన్న తీసుకోలేదు. దారిలో నాతో ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మనం ఊళ్ళకు వెళుతున్నాం, వేల ఫొటోలు తీస్తున్నాం, తిరిగి వచ్చేస్తున్నాం. ఫొటో తీయించుకున్న మనిషికి ఆ ఫొటో చేరే దారి మూసుకుపోయింది. నాన్న దగ్గర అది వ్యాపారంలో భాగంగా ఉండేది. మన దగ్గర అది మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది. ఓరుగల్లు గారు 4,700 రూపాయలు ప్రింట్లకు అని రాసినప్పుడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.


పెన్నాతీరం
13 ఫిబ్రవరి 2025

మాది నెల్లూరు. పులికాట్ గురించి, ముఖ్యంగా డ్రోన్ల గురించి రెండు మాటలు చెప్పాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు సరస్సు మధ్య నుంచి పోతుంది. శీతాకాలంలో ఆ రోడ్డు మీద నుంచే రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. కారులోంచి దిగకుండా, ఇంజను ఆపి, కిటికీ చట్రం మీద ఒక చిన్న గింజల సంచి పెట్టి దాని మీద లెన్సు ఆనిస్తే, పక్షి తన మానాన తాను మేస్తూనే ఉంటుంది. మనిషి దిగి నాలుగు అడుగులు వేశాడంటే గుంపు అంతా లేచిపోతుంది. అవి లేచిన దృశ్యం అందంగా ఉంటుందని కావాలని లేపేవారిని నేను చూశాను. దూరప్రయాణపు అలసట తీర్చుకుంటూ, మేత మీద ఉన్న పక్షిని ఒక ఫొటో కోసం ఎగరగొట్టడం నా దృష్టిలో క్షమించరానిది.

2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోనుకు పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. చాలామంది అంతవరకే చదివి, ఎక్కడైనా ఎగరవేయవచ్చని అనుకుంటున్నారు. అనుమతి లేనిదే ఎగరవేయకూడని ఎరుపు, పసుపు మండలాలు, అనుమతి అక్కరలేని ఆకుపచ్చ మండలం అన్న విభజన అన్ని డ్రోన్లకూ వర్తిస్తుంది. ఆకుపచ్చ మండలంలో కూడా 400 అడుగుల ఎత్తు దాటకూడదు. అభయారణ్యాలలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. పక్కనే రాకెట్ ప్రయోగ కేంద్రం ఉన్న చోట డ్రోను తీయాలన్న ఆలోచన కూడా రాకూడదు. బయలుదేరేముందు ఈ మండలాలను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూసుకోండి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్ళ మీద నుంచి డ్రోను పోనిస్తే, తల్లిపక్షులు బెదిరి లేస్తే, కాకులూ గద్దలూ పిల్లల కోసం కాచుకునే ఉంటాయి.


కెమెరా_మరమ్మతు
14 ఫిబ్రవరి 2025

విజయవాడలో కెమెరాలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి ప్రయాణాల నుంచి తిరిగి వచ్చినవే.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు తీసి వచ్చినవారు చేసే పొరపాటు ఎక్కువగా చూస్తాను. చలిలో మూడు గంటలు ఉన్న కెమెరాను వెచ్చగా ఉన్న కారులోకి తెచ్చి వెంటనే మూత తీస్తారు. గాలిలోని తేమ చల్లని గాజు మీద, లోపలి సర్క్యూట్ పలకల మీద నీరుగా పడుతుంది. కొండ మీదనే కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, జిప్పు మూసి, కిందికి వచ్చాక గంటసేపు అలాగే వదిలేస్తే తేమ సంచి మీద పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది. కార్డు కావాలనుకుంటే దాన్ని కొండ మీదే తీసి జేబులో వేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రెండో బ్యాటరీ ఒంటికి ఆనుకుని ఉండే జేబులో ఉంచుకోవాలి.

తీరప్రాంతంలో ఉప్పుగాలి లెన్సు చుట్టూ ఉన్న రింగుల్లో చేరుతుంది. ప్రతి రాత్రీ కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో పైభాగం తుడిచి, ఆరిన తరువాతే సంచిలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు సంచిలో వేశామని చాలామంది నిశ్చింతగా ఉంటారు, కానీ అవి తేమ పీల్చుకుని నిండిపోతాయి. రంగు మారే రకం కొనుక్కుని, రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టుకోవాలి. ఫంగస్ ఒకసారి లోపలి గాజుకు పట్టుకుంటే నేను తుడిచినా పై పూత మీద మచ్చ మిగిలిపోతుంది. ఇక మధ్యాహ్నపు ఎండలో మూసిన కారులో హార్డ్ డిస్కు వదిలి భోజనానికి వెళ్ళకండి, శీతాకాలంలో కూడా.


కోస్తా_దారి
16 ఫిబ్రవరి 2025

నేను ఒక విషయంలో విభేదిస్తాను. ప్రింట్లు ఇవ్వడం మంచిదే, కాని దాన్ని నియమంగా పెడితే ఈ పని చేయగలిగేవారు ఎంతమంది మిగులుతారు? ఒక్కొక్క ప్రింటుకు ఇరవై రూపాయలకు పైగా అవుతుంది. ఒక జాతరలో రెండు వందల మంది ముఖాలు పడతాయి. వాళ్ళందరి చిరునామాలు ఎవరు రాసుకుంటారు? ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది. వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది కదా. మరో సందేహం కూడా ఉంది. పేదవారి ఫొటో తీసి, క్యాలెండరుకు అమ్ముకుని, వారికి ఇరవై రూపాయల కాగితం ఇచ్చి రుణం తీరిందనుకోవడం న్యాయమేనా? దానికంటే చేతికి డబ్బు ఇవ్వడమే నిజాయితీ అని నాకు తోస్తుంది.


ఓరుగల్లు_కెమెరా
18 ఫిబ్రవరి 2025

కోస్తా దారి గారి ప్రశ్నకు ఆలోచించి జవాబు రాస్తున్నాను.

జాతర గుంపు వేరు, ఒక మనిషి ముఖం వేరు. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉన్నాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి కారు ముందురోజే ఒక ఇంటి దొడ్డిలో పెట్టి, నడిచే వెళ్ళాను. ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన పీఠాలు) పదకొండు ఊళ్ళ నుంచి వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటించే ఆ క్షణంలో, నడుం లోతు నీళ్ళలో వందలమంది "శరభ, శరభ" అని అరుస్తున్నప్పుడు, ఎవరి పేరు రాసుకోగలను? అది ఊరి ఫొటో. దాన్ని ఆ ఊరి పంచాయతీకి పెద్ద సైజులో ఒకటి పంపాను. పొగమంచులో ఒంటరిగా ఆగి, నా కోసం ఐదు నిమిషాలు నిలబడిన హరిదాసు సంగతి అలాంటిది కాదు. ఆయన ముఖం నా దగ్గర ఉంటే, ఆయన దగ్గర కూడా ఉండాలి.

వాట్సాప్‌లో పంపడం నేను కూడా చేశాను. కాని ఫోను పోయినప్పుడు ఫొటో పోతుంది, మెమరీ నిండితే ముందు చెరిపేసేది అదే. గోడకు తగిలించినది ఉంటుంది. అడిగినవాళ్ళలో ఎక్కువమంది, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళు, కాగితమే అడిగారు.

డబ్బు విషయంలో మీరు చెప్పిన దానిలో సగం ఒప్పుకుంటాను. ఫొటో తీసిన వెంటనే చేతిలో నోటు పెడితే, మర్నాడు ఆ ఊరికి వచ్చే ఫొటోగ్రాఫరుకు పిల్లలు చెయ్యి చాపుతారు. అరకు వెళ్ళే దారిలో అది కళ్ళారా చూశాను. అయితే ఆ ఫొటో అమ్ముడుపోతే అది వేరే లెక్క. క్యాలెండరు ఆరు ఫొటోలలో నలుగురి ముఖాలు ఉన్నాయి. వచ్చిన దానిలో మూడో వంతు, ఎనిమిది వేలు, ఆ నలుగురికీ సమంగా పంపాను. అది సరైన వాటా అవునో కాదో నాకు తెలియదు. ఇంతకంటే మంచి పద్ధతి ఎవరైనా పాటిస్తుంటే చెప్పండి, మార్చుకుంటాను.

నాగోబా జాతర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జాతర జరిపే మెస్రం వంశపు గోండులు జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి జలం తెస్తారు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసినప్పుడు, వంటల పొగలోంచి వచ్చే సాయంత్రపు ఎండలో, అడిగి తీసుకున్న ఫొటోలు నా మొత్తం ప్రయాణంలోనే మంచివని అనుకుంటున్నాను. రాత్రి మహాపూజ తరువాత కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ జరుగుతుంది. తెల్లచీరల వరుస, దీపాల వెలుగు; చేతులు వాటంతట అవే కెమెరా మీదికి వెళ్ళాయి. పక్కనే ఉన్న పెద్దాయన ఏమీ అనకుండా నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. కెమెరా సంచిలో పెట్టి, జిప్పు వేసి, నిలబడి చూశాను. ముగ్గు గిన్నె వదిలి వెళ్ళిపోయిన ఆమె నాకు నేర్పకపోతే, ఆ తల ఊపడం నాకు కనిపించి ఉండేది కాదు.


పాత_గాజుపలకలు
20 ఫిబ్రవరి 2025

చర్చ మంచి దారిలో వెళుతోంది కాబట్టి కొంచెం వెనక్కి తీసుకెళతాను. ఆరవ నిజాము ఆస్థాన ఫొటోగ్రాఫరుగా హైదరాబాదులో స్థిరపడిన లాలా దీన్ దయాళ్ తన పేరు తెచ్చుకున్నది రోడ్ల మీదే. 1844లో మేరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన ఆయన, ఇందోరులో ప్రజా పనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ, 1882లో మధ్య భారతంలో బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమంతా తిరిగి కట్టడాలను ఫొటోలు తీశారు. పెద్ద చెక్క కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, గాజుపలకల పెట్టెలు ఎడ్లబండ్ల మీద వెళ్ళేవి. దారి కుదుపుకు పలక పగిలితే ఆ కట్టడం మళ్ళీ వెళ్ళి తీయవలసిందే. ఆయన గాజుపలకలు వేల సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. రబ్బరుబ్యాండు చుట్టిన కార్డులు గుర్తుకొచ్చి ఈ మాట చెబుతున్నాను.

తుంగభద్ర గారు చెప్పిన వంటింటి వెలుతురు విషయంలో దీన్ దయాళ్ చేసిన పని ఒకటుంది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. తాను ఎంత ప్రసిద్ధుడైనా తాను వెళ్ళకూడని గది ఒకటి ఉందని ఆయన గుర్తించారు.


తుంగభద్ర
20 ఫిబ్రవరి 2025

ఈ విషయం నాకు తెలియదు; చెప్పినందుకు కృతజ్ఞతలు. ఓరుగల్లు గారూ, మీ జవాబుకు కూడా. వచ్చే ధనుర్మాసంలో అనంతపురం, కర్నూలు జిల్లాల ఊళ్ళకు మీరు వెళ్ళేటట్టయితే ముందే చెప్పండి. మీరు వదులుకున్న తొమ్మిది ఊళ్ళలో కొన్నింటిలో నాకు తెలిసిన ఇళ్ళు ఉండవచ్చు. ముగ్గుల దగ్గర నేను తీస్తాను, పొలాల దారిలో మీరు తీయండి. లేపాక్షి నాట్యమండపం కప్పు మీది చిత్రాలకు స్టాండు వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఫ్లాష్ మాత్రం అనుమతి ఉన్నా లేకపోయినా వాడవద్దు. ఐదు వందల ఏళ్ళ నాటి రంగులు అవి.


ఓరుగల్లు_కెమెరా
27 ఏప్రిల్ 2025

పెళ్ళిళ్ళ హడావిడిలో ఇటు రాలేకపోయాను. తుంగభద్ర గారూ, తప్పకుండా. డిసెంబరు మొదటి వారంలో మీకు సందేశం పెడతాను.

సంత ఫొటోల అబ్బాయి గారి నాన్నగారి పుస్తకం చూసి నేను కూడా ఒకటి పెట్టాను. దారిలో ఇచ్చినవి, పోస్టులో పంపినవి కలిపి 212 ప్రింట్లు. పోస్టులో పంపిన వాటిలో మూడు కవర్లు తిరిగి వచ్చాయి. రెండింటికి పిన్‌కోడు తప్పు రాశాను, సరిచేసి మళ్ళీ పంపాను, చేరాయి. మూడవది తెలినీలాపురంలో గూళ్ళ చెట్టు కింద మంచం వేసుకుని కూర్చునే ఒక తాతగారిది. ఇంటిపేరు సరిగ్గా వినలేదు. ఆయన తలమీద నుంచి ఒక గూడబాతు దిగుతున్నప్పుడు తీసిన ఫొటో అది. ఆయన పైకి చూడనేలేదు. రోజూ చూసేదే కదా. కవరు మీద "చిరునామాదారు తెలియదు" అని రాసి వెనక్కి పంపారు. మళ్ళీ ఆషాఢం వస్తేనే నాకు తీరిక దొరుకుతుంది. అప్పుడు వెళదామనుకుంటున్నాను.


కళింగాంధ్ర
27 ఏప్రిల్ 2025

ఆషాఢం దాకా ఎందుకు? ఆ కవరు నాకు పంపించండి, చిరునామా విడిగా సందేశంలో పెట్టాను. మా అత్తగారి ఊరు టెక్కలి పక్కనే. నెలకు రెండుసార్లు ఆ దారినే వెళతాము. ఏ చెట్టు కింద మంచమో మాత్రం రాయండి. రోడ్డు వైపుదా, చెరువు వైపుదా?


ఓరుగల్లు_కెమెరా
28 ఏప్రిల్ 2025

చెరువు వైపుది. ఊళ్ళోకి వెళ్ళాక ఎడమ చేతి పక్కన చింతచెట్టు, దాని కింద నులక మంచం, మంచం కోడుకు ఆకుపచ్చ తువ్వాలు కట్టి ఉంటుంది. ఈ ఉదయమే రిజిస్టరు పోస్టులో పంపాను. ఆయనకు ఒక చెవి సరిగ్గా వినబడదు, కుడివైపు కూర్చుని మాట్లాడండి.